ఆయన ఎందుకు పరిగెత్తుతున్నట్టు?

రేవు కార్మికుల కాలనీ, పై వాటా
వానలు పట్టుకున్నాయి

వదినా,

ఫోనుండగా ఈ ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోన్లో నేనేదైనా అడిగితే ముందు నవ్వుతావు, తర్వాత "వాణ్ణి పిలువు" అంటావు. కాగితమైతే నా మాట చివరిదాకా వినక తప్పదు. పైగా ఈ వాటా గోడల సంగతి నీకు తెలుసు, పక్కింటాయన ఆవులిస్తే మాకు నిద్రొస్తుంది.

విషయమేంటంటే, మీ తమ్ముడు మందు తగ్గించాడు.

ఇది చదివి సంతోషపడకు. మొదట్లో నేనూ పడ్డాను. క్రేను దిగి, గేటు ఎదురుగా ఉన్న కొట్లో కూర్చుని, చీకటి పడ్డాక చంకలో ఇంకో సీసాతో ఇల్లు చేరే మనిషి ఇప్పుడు సైరన్ మోగగానే తిన్నగా ఇంటికొస్తున్నాడు. శనివారం సాయంత్రం ఒక్క గ్లాసు. అది కూడా మందులా చప్పరించి కాదు, కషాయంలా మింగి లేస్తాడు. పొద్దున్నే లేచి రేవు గోడ వెంబడి పరిగెత్తుతున్నాడు. క్రేను నిచ్చెన సగం ఎక్కి రొప్పే మనిషి! తోటివాళ్లు ఆయన్ని పీపా అని పిలుస్తారు కదా, మొదటిరోజు "పీపా దొర్లుతోంది, దారివ్వండి" అని అరిచారట. ఆయనే వచ్చి చెప్పి నవ్వాడు. కోపం రాలేదు. అది ఇంకా వింత.

నేను కుట్టుకొట్లో పనిచేసేదాన్ని, మగవాళ్ల నడుములు చూసి చూసి ఉన్నాను. నడుము పెరిగిందని ప్యాంటు వదులు చేయించుకునేవాళ్లని ఎవరూ కారణం అడగరు. తగ్గించమని తెచ్చేవాళ్ల గురించి మాత్రం మా మాస్టరు ఒకటే మాట అంటాడు, "జబ్బైనా అయుండాలి, కొత్త మనిషైనా దొరికుండాలి." మొన్న మీ తమ్ముడి ప్యాంట్లన్నీ మిషను మీద వేసుకుని నడుము లోపలికి కుడుతుంటే ఆ మాటే చెవిలో పోరుపెట్టింది.

ఇదివరకు మానేస్తానని నా మీద ఒట్టేశాడు, నీ మీద వేశాడు, హాస్టల్లో ఉన్న పిల్ల మీద కూడా వేశాడు. ఏదీ నిలబడలేదు. ఈసారి ఒట్టు వేయలేదు. అడగలేదు, చెప్పలేదు, ఊరికే మొదలుపెట్టేశాడు. నా భయమంతా అదే. నాకోసమైతే నాకు చెప్పేవాడు కదా?

నీకేమైనా తెలుసా?

నీ మరదలు


బడి వెనక వీధి
ముసురు ఇంకా వదల్లేదు

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం చదివి నిజంగానే నవ్వాను, ఇక్కడ కూడా ఆపలేకపోయావు. తాగితే ఏడ్చావు, మానితే ఏడుస్తున్నావు. వాడు ఏ కాలు ముందు పెట్టి గుమ్మం దాటాలో నువ్వే చెప్పమ్మా. అనుమానం పెనుభూతం అంటారు. నీది ఇంకా పిల్లభూతం, దానికి పాలు పోసి పెంచకు.

నలభై దాటాక మగవాళ్లకి ఉన్నట్టుండి అద్దం కనబడుతుంది. వీడికి కాస్త ఆలస్యంగా కనబడింది, అంతే.

అయినా నాకూ ఆరాటమే. ఆ శనివారం గ్లాసు ఎంత పెద్దది? సోడా ఎంత, సరుకెంత? ఆదివారం పొద్దున కళ్లెలా ఉంటున్నాయి? దారిలో ఎవరైనా పోయిస్తున్నారేమో ఒళ్లు వాసన చూశావా? పరిగెత్తి వచ్చాక ఎంతసేపటికి ఆయాసం తీరుతోంది? ఉప్పు తగ్గించాడా? నువ్వు చూసిందంతా రాయి, ఇది చిన్న విషయమని ఏదీ వదిలెయ్యకు.

నేను బాగానే ఉన్నాను. బొమ్మల క్లాసుని కింది గదిలోకి మార్పించుకున్నాను, పిల్లలు మెట్ల మీద రంగులు ఒలకబోస్తున్నారని. మీ అన్నయ్య సైకిళ్ల కొట్టు మామూలే, సగం బళ్లు ఊరికే బాగుచేసి పంపిస్తాడు. నాకు కొత్త చెప్పులు కొన్నాడు, ఒక సైజు పెద్దవి. వయసుతో పాదాలు కూడా పెరుగుతాయేమో!

మర్చిపోకుండా రాయి.

మీ వదిన


రేవు కార్మికుల కాలనీ
వానలు తగ్గాయి

వదినా,

నువ్వడిగినవన్నీ చూశాను. గ్లాసు చిన్నదే, సోడానే ఎక్కువ. ఈమధ్య ఆ ఒక్కటి కూడా ఒక శనివారం మానేశాడు. ఒంటికి చెమట వాసన తప్ప ఇంకేం లేదు. పోయిన నెల వీధి మలుపు దాకా వెళ్లి గోడ పట్టుకుని నిలబడేవాడు, ఇప్పుడు దీపస్తంభం దాకా వెళ్లి వస్తున్నాడు. రొప్పుతూనే నవ్వుతున్నాడు. మెడ కింద వేలాడే సంచి పోయింది. పెళ్లినాటి దవడ కనబడుతోంది, చూస్తే ముచ్చటేస్తోంది. ఆ ముచ్చట ఇంకెవరికోసమో అనుకుంటే మాత్రం అన్నం దిగడం లేదు.

ఉప్పు సంగతి నీకెలా తట్టింది? నిజమే, కూరల్లో ఉప్పు సగం చేయమన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి విను. మోచేతి మడతలో చిన్న దూదిముక్క, పైన పట్టీ. ఏంటని అడిగితే క్రేను గ్రీసు పడి దురద అన్నాడు. గ్రీసు అంత చక్కగా నరం మీదే పడుతుందా? రెండు వారాల తర్వాత మళ్లీ అదే చోట. మంగళవారం ఓవర్‌టైమ్ అని వెళ్లాడు. ఆయన టిఫిన్ డబ్బా మర్చిపోతే తీసుకెళ్లి గేటు దగ్గర అడిగాను. "మీ ఆయనకి ఈరోజు సెలవు కదమ్మా" అన్నాడు కాపలావాడు. వాడి మొహంలో నా మీద జాలి. ఆ జాలి చూసి అక్కడే డబ్బా విసిరికొట్టాలనిపించింది. సాయంత్రం ఇంటికొచ్చి "అబ్బ, పని చంపేసింది" అన్నాడు. నేను కాఫీ ఇచ్చాను. అబద్ధాన్ని కాస్త మేత వేసి పెంచితే తనంతట తనే బయటికొస్తుందని చూస్తున్నాను.

ఇంకొకటుంది. మొన్న సాయంత్రం ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. "నీకోసమే కదా ఇదంతా" అన్నాడు. కాసేపు అటువైపు మాట విన్నాడు. "దానికి ఇప్పుడే చెప్పొద్దు, తట్టుకోలేదు" అన్నాడు.

'అది' అంటే నేనే కదా వదినా.

గొంతు ఎంత మెత్తగా ఉందో తెలుసా? నాతో అలా మాట్లాడి ఎన్నాళ్లయిందో. నేను తలుపు వెనక గిన్నె తుడుస్తూ నిలబడ్డాను, తుడిచిందే తుడిచాను.

నాకు ఒకటే దారి కనబడుతోంది. మీ తమ్ముడికి లోపల చుక్క పడితే అబద్ధం నిలవదు, చిన్నప్పటినుంచీ అంతేనని నువ్వే చెప్పావు. ఒక సీసా తెచ్చి ముందు పెడతాను.

నీ మరదలు


బడి వెనక వీధి
గాలి చల్లబడింది

అమ్మాయీ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది, ఇప్పుడే రాస్తున్నాను. సీసా గీసా ఏమీ వద్దు. వాడు ఎంత కష్టపడి మానుతున్నాడో నువ్వే రాశావు కదా, ఎక్కే మనిషి కాలు పట్టుకుని ఎవరైనా కిందికి లాగుతారా? నా మీద ఏ కాస్త ప్రేమున్నా ఆ పని చేయకు. ఎంత బతిమాలమంటే అంత బతిమాలుతాను.

ఆ ఫోను మాటలు పట్టించుకోకు. సగం మాట విని నిండు కథ అల్లుతున్నావు. మెట్ల మీద కూర్చుని అందరికీ వినబడేలా మాట్లాడేవాడికి రహస్యాలేముంటాయి? తోటివాడెవడో మందు మానడానికి తంటాలు పడుతుంటాడు, వాడికి ధైర్యం చెబుతున్నాడేమో. దూది ముక్క అంటావా, రేవులో అప్పుడప్పుడూ అందరికీ రక్తం పరీక్షలు చేస్తుంటారు.

ఇంకొక్క నెల ఓపిక పట్టు. ఆ తర్వాత నువ్వడిగినదానికల్లా వాడే జవాబు చెబుతాడు. నాకు కాస్త నీరసంగా ఉంది, ఇంతకంటే రాయలేను. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు.

మీ వదిన


రేవు కార్మికుల కాలనీ
చలి మొదలైంది

వదినా,

నీ ఉత్తరం చదివాకే సీసా కొన్నాను. ఎందుకో చెబుతాను.

ఆయన ఫోను మెట్ల మీద కూర్చుని మాట్లాడాడని నేను నీకు రాయలేదు. ఫోన్లో మాట్లాడుతుంటే విన్నానన్నాను, అంతే. మంచం మీద కూర్చున్నాడో కిటికీ దగ్గర నిలబడ్డాడో నీకెలా తెలుసు? కుట్టుపని చేసేదాన్ని వదినా, ఒక్క కుట్టు తప్పితే చాలు, ఆ దారం పట్టుకుని లాగుతాను. బట్టంతా ఊడొస్తుంది.

శనివారం వేడివేడిగా వండి, గ్లాసు నేనే కడిగి, నేనే పోశాను. "ఇదేంటి, పొద్దు పడమర పొడిచిందా?" అన్నాడు. ఒకటి తాగి గ్లాసు మీద అరచెయ్యి మూశాడు. చాలన్నాడు. "నా మీద ఒట్టు, ఇంకొక్కటి" అన్నాను. నా వంక చాలాసేపు చూశాడు. నేనెందుకు పోస్తున్నానో తెలిసినట్టే ఉంది ఆ చూపు. అయినా తాగాడు. తర్వాత నేను పోయనక్కర్లేకపోయింది.

నిజం చెప్తాడనుకున్నాను. చెప్పలేదు. ఏడ్చాడు. పెద్ద మనిషి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మంగళవారానికి పోతుందిలే, ఒంట్లోంచి పోతుందిలే" అని తనలో తనే గొణుక్కున్నాడు. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుని "తాగానని అక్కకి చెప్పకు. అక్కకి తెలిస్తే నేను బతకను" అన్నాడు.

ఆయన తాగితే నీ దగ్గర అంత భయమెందుకు? పైగా నీ ఆ మెట్ల మాట. అంటే నీకు అంతా తెలుసు. ఇన్ని నెలలుగా నేను నా కడుపులోది కాగితం మీద పెట్టి నీకు పంపిస్తుంటే, నువ్వు ఇద్దరివైపూ కూర్చుని తమాషా చూస్తున్నావు. ఎవరావిడ? మీ బళ్లో టీచరా? వాళ్లు కలుసుకునేది మీ ఇంట్లోనేనా? మంగళవారాలు నీ దగ్గరికే వస్తున్నాడా? నా ఉత్తరాలు ముగ్గురూ కలిసి చదువుకుని నవ్వుకుంటున్నారా?

తమ్ముడి తప్పు అక్క కప్పిపెట్టడం లోకంలో ఉన్నదే. కానీ నువ్వు నాకు అమ్మ తర్వాత అమ్మవని అనుకున్నాను.

ఈసారి కూడా అబద్ధమే రాసేట్టయితే అసలు జవాబే రాయకు.


బడి వెనక వీధి

తల్లీ,

ఆ ఇంకో ఆడది నేనే.

మెట్ల మీద కూర్చుని వాడు మాట్లాడింది నాతో. నీ ఉత్తరంలో ఆ మాటలు చదివినప్పుడు వాడి గొంతే నాకు మళ్లీ వినిపించింది.

నా కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వానాకాలానికి ముందే తెలిసింది. పాదాలు వాచి చెప్పులు పట్టకపోతే నీకు వయసని రాశాను. పై అంతస్తు క్లాసు వదిలింది పిల్లల రంగుల కోసం కాదు, మెట్లు ఎక్కలేక. మీ అన్నయ్య తనది ఇస్తానని ముందు నిలబడ్డాడు. షుగరుంది, పనికిరాదన్నారు. కొట్లో చక్రం తిప్పుతూ కూర్చుని ఏడ్చాడు. ఆ సంగతి మీ ఆయన చెవిన పడింది.

నేను వద్దన్నాను. ఇది నా గొప్ప కోసం చెప్పడం లేదు, నిజంగానే వద్దన్నాను. వినకుండా వాడే డాక్టరు దగ్గరికి పోయాడు. ఆయన వీడి పొట్ట చూసి, బీపీ చూసి, నోటి వాసన చూసి, "బాబూ, ముందు నీ ఒంట్లో ఉన్నదాన్ని నువ్వు కాపాడుకో, ఇంకొకళ్లకి ఇచ్చే సంగతి తర్వాత. బరువు దింపు, మందు వదులు, అప్పుడు రా" అని పంపించేశాడు. ఆ రోజునుంచే పరుగు. మంగళవారాలు ఆసుపత్రి, దూది ముక్కలు, ఉప్పు లేని కూరలు, అన్నీ అందుకే.

నీకు చెప్పమని ఎన్నిసార్లు అన్నానో. "ముందు నేను పనికొస్తానో లేదో తేలనీ అక్కా. తేలకముందే దాన్ని భయపెట్టడమెందుకు? మానేస్తానని చెప్పి చెప్పి నా మాటకి విలువ లేకుండా పోయింది, ఈసారి మాని చూపిస్తాను" అన్నాడు. నాకూ అదే సుఖమనిపించి ఊరుకున్నాను.

ఇంకో పాపం కూడా ఉంది. నీ ఉత్తరాల కోసం నేను గుమ్మంలో కాచుకున్నది నిన్ను ఓదార్చడానికి కాదు. వాడు ఫోన్లో "చుక్క ముట్టలేదు" అంటే నమ్మలేక, నీ కళ్లతో వాణ్ణి కాపలా కాశాను. నువ్వు వాణ్ణి అనుమానించావు, నేనూ అనుమానించాను. నీకు నీ కాపురం మీద బెంగ, నాకు నా ప్రాణం మీద తీపి.

మంగళవారం పరీక్షలో బీపీ పెరిగింది, రక్తంలో కూడా తేడా కనబడింది. "తాగావా?" అని డాక్టరు అడిగితే తాగానన్నాడు. ఎవరు పోశారో చెప్పలేదు. నీ ఉత్తరం రాకపోతే నాకూ తెలిసేది కాదు. ఆపరేషన్ వాయిదా వేశారు. ఈలోగా నన్ను రోజు విడిచి రోజు యంత్రానికి కడుతున్నారు. నా రక్తం గొట్టంలోంచి బయటికెళ్లి తిరిగొస్తుంటే చూస్తూ పడుకుంటున్నాను. ఇది నిన్ను దెప్పడానికి రాయడం లేదు. నిజమే రాయమన్నావు కదా.

చివర్లో డాక్టర్లు నిన్ను విడిగా కూర్చోబెట్టి అడుగుతారు. నువ్వు వద్దంటే అక్కడితో ఆగిపోతుంది. వద్దన్నా నేనేమీ అనుకోను అని రాసి కొట్టేశాను, చూడు. అనుకుంటాను. కానీ ఎవరితోనూ అనను.

మీ వదిన


రేవు కార్మికుల కాలనీ
మంచు పడుతోంది

వదినా,

నీ ఉత్తరం చదివినప్పుడు మీ తమ్ముడు బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. కాగితం ఆయన మోకాళ్ల మీద పెట్టాను. చదివి తల ఎత్తలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబితే వద్దంటావని."

"అంటానని నువ్వే ఎలా తేల్చేశావు?"

"నీ చోట నేనుంటే వద్దనేవాణ్ణి" అన్నాడు.

వెళ్లి మిగిలిన సీసా తొట్టిలో వంపేశాను.

ముందు నా బాధ విను. ఇంకో ఆడదైతే తిట్టుకునేదాన్ని, జుట్టు పట్టుకునేదాన్ని. నువ్వైతే ఏం చేయను? పెళ్లైనప్పటినుంచీ నాకోసం మానలేనివాడు నీకోసం మానాడు. ఇది ఏ సవతి పోరుకన్నా తక్కువా? ఆ మాటే ఆయన్ని అడిగాను. "నీకోసమంటే బతికినంతకాలం మానాలి, అంత దూరం ఆలోచిస్తేనే కాళ్లు వణికేవి. అక్కకోసమంటే ఆపరేషన్ దాకా. అంతవరకైతే పరిగెత్తగలననిపించింది" అన్నాడు. నిజాయితీగానే చెప్పాడు. అందుకే ఇంకా భయమేసింది. ఆపరేషన్ అయిన మర్నాటి సంగతేంటి?

ఆయనతో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లాను. నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. "ప్రమాదం తక్కువేనమ్మా" అన్నాడు. తక్కువ అన్న ప్రతివాడి మీదా నాకు అనుమానమే. ఒకటి తీసేశాక ఉన్న ఒక్కటీ పోతే ఏంటని అడిగాను. మళ్లీ క్రేను ఎప్పుడెక్కుతాడని అడిగాను. మళ్లీ తాగితే? అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు, బయట కూర్చున్నాయన దగ్గరుంది" అన్నాడు. ఆలోచించుకుంటానని చెప్పి వచ్చేశాను. బస్సులో ఆయన చెయ్యి నా చేతి మీద పెట్టాడు, నేను తీసెయ్యలేదు.

నేను సీసా పోయడం వల్ల నువ్వు యంత్రం మీద పడుకున్నావని నాకు తెలుసు. రోజూ గుర్తొస్తుంది. కానీ ఆ తప్పు దిద్దుకోవడానికి మా ఆయన కడుపు కోయించను, అది వేరు ఇది వేరు. వారమంతా ఎటూ తేల్చుకోలేకపోయాను. నిన్న పొద్దున నేనూ ఆయన వెంట వెళ్లాను. పరిగెత్తలేక వెనక నడిచాను. మంచులో ఆయన వీపు ఒక్కటే కనబడుతోంది. గోడ చివరిదాకా వెళ్లి, ఆగకుండా తిరిగొచ్చాడు. ఆ మొహంలో ఎవరిమీదా ఒట్టు లేదు. ఇలాంటి మనిషి నాకు ఎప్పుడూ దొరకలేదు వదినా. ఆయన్ని ఇప్పుడు ఆపితే ఈ మనిషి పోతాడు, పాతవాడే మిగులుతాడు.

అందుకని సరేనంటున్నాను.

కానీ ఒక షరతు. ఆపరేషన్ తర్వాత ఆయన మళ్లీ గ్లాసు పట్టుకుంటే దానికి పూచీ నీది. నీ ఒంట్లో ఆయన ముక్క ఉంటుంది కాబట్టి ఆయన మీద నాకున్నంత అధికారం నీకూ ఉంటుంది, నాకున్నంత బాధ్యతా ఉంటుంది. ఒప్పుకుంటేనే వస్తాను.

నీ మరదలు


ఆసుపత్రి, అయిదో అంతస్తు

మరదలు పిల్లకి,

నర్సమ్మని బతిమాలి కాగితం, పెన్సిలు సంపాదించాను. నీ షరతుకి ఒప్పుకున్నానని ఆ రోజే చెప్పినా, రాసి ఇవ్వలేదని నువ్వు అనుమానిస్తావు. ఇదిగో, రాసిచ్చాను.

లోపల కుట్టు లాగుతోంది. మిగతాదంతా బాగుంది. వాడిచ్చింది లోపల కలపగానే, నేనింకా బల్ల మీదుండగానే పని మొదలుపెట్టిందట. "ఇంత చురుకైనది చాలా రోజులకి చూశాం" అన్నారు డాక్టరు. మూత్రం సంచీలోకి చుక్కచుక్కా పడుతుంటే నేనూ మీ అన్నయ్యా సినిమా చూసినట్టు చూస్తున్నాం.

వాడెలా ఉన్నాడు? మీ అన్నయ్యని అడిగితే "బాగున్నాడు, బాగున్నాడు" అన్నాడు. ఒకమాట రెండుసార్లు చెప్పాడంటే ఏదో దాస్తున్నట్టే. నన్ను ఇంకెవరూ కాపాడొద్దు. ఉన్నదున్నట్టు రాయి.

మీ వదిన


ఆసుపత్రి, మూడో అంతస్తు

వదినా,

ఉన్నదున్నట్టే రాస్తున్నాను. నిన్న జ్వరం వచ్చింది. నర్సులు హడావిడి పడ్డారు, డాక్టరు రెండుసార్లు వచ్చి వెళ్లాడు. బయట బెంచీ మీద కూర్చుని నిన్నూ ఆయన్నీ డాక్టరునీ నన్నూ, ఒక్కొక్కరినే వరసపెట్టి తిట్టాను. ఈరోజు పొద్దునకి దిగిపోయింది. అన్నయ్య చెప్పనిది ఇదే.

ఇందాక లేచి, గోడ పట్టుకుని తలుపు దాకా నడిచాడు. "పీపాలో ఒక పలక ఊడింది, మెల్లగా నడిపించండి" అన్నాడు నర్సుతో. నవ్వితే కుట్లు లాగుతాయని ఆమె గట్టిగా కేకలేసింది. మత్తు దిగి కళ్లు తెరవగానే ఆయన అడిగిన మొదటి మాట "అక్కకి పనిచేస్తోందా?" అని. రెండో మాట నా గురించే, "తిన్నావా?" అన్నాడు. రెండో స్థానమే అయినా సర్దుకున్నాను.

ఇంటికెళ్లాక ఏమవుతుందో నాకు తెలీదు. శనివారం సాయంత్రాలొస్తాయి, తోటివాళ్లు పిలుస్తారు, ఆయన కాళ్లు ఆ కొట్టువైపు తిరిగితే తిరుగుతాయి. చూస్తూనే ఉంటాను. అది నా జబ్బు, దానికి ఏ అంతస్తులోనూ మందు లేదు.

నువ్వు దాచినందుకు నాకు నీ మీద కోపం పోలేదు వదినా. అబద్ధమెందుకు, చాలా ఉంది. సంతకం పెట్టినప్పుడూ ఉంది, నిన్ను లోపలికి తోసుకెళ్తుంటే నీ చెయ్యి పట్టుకున్నప్పుడూ ఉంది. అదంతా తీరేసరికి మనిద్దరికీ జుట్టు మొత్తం తెల్లబడుతుంది.

నా కోపం తీరేదాకా నువ్వు బతికుండాలి.

నీ మరదలు